మోరీ దాటాక మాది కాదనుకున్నాం

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఇది చెప్పినా పోయే రకం కాదు, ఇంకా చేస్తూనే ఉన్నాం గనక. అయినా ఎవరో ఒకరు చెప్పాలి. లాల్‌దర్వాజ, గౌలిపుర, అలియాబాద్, ఉప్పుగూడ, ఛత్రినాకల్లో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లం, పక్క గల్లీల్లో ఉర్దూ మాట్లాడే మా ఇరుగుపొరుగువాళ్లు, మొత్తంగా పాతబస్తీ వాళ్లమంతా పల్లెలకు నీళ్ల బాకీ పడ్డాం. ఆ పల్లెల్లో కంపెనీలు తమ లాభంలోంచి కొంత తీసి చెక్‌డ్యాములు కడుతుంటే చప్పట్లు కొట్టాం. బాకీ పడ్డది మేం. ఇచ్చేది వాళ్లు. ఇచ్చినదానికి దానం అని పేరు. బాకీ మొత్తం ఎంతో లెక్క తీయమని మాత్రం ఎవ్వరం అడగలేదు.

2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవరు 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. నేల, నీరు, గాలి బాగోగులు, గ్రామీణాభివృద్ధి ఆ పనుల జాబితాలో ఉన్నాయి. దాంతో తెలంగాణ పల్లెల్లో వాగుల మీద చెక్‌డ్యాములు లేచాయి, చెలకల మూలన ఫారంపాండ్లు తవ్వారు, చెరువుల్లో పూడిక తీశారు. ప్రతిదాని పక్కనా రంగుల బోర్డు, బోర్డు మీద కంపెనీ లోగో.

ఆ పనిని తక్కువచేసి మాట్లాడే నోరు మాకు లేదు. చట్టం రాకముందే ఈ దిక్కున మంచి పని జరిగింది. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో 1999లో ఇక్రిశాట్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థ ఆదర్శ వాటర్‌షెడ్ మొదలుపెట్టింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు సాయం, జిల్లా యంత్రాంగం, ఎం.వి. ఫౌండేషన్ కలిసొచ్చాయి. ఊరి కమిటీ నిర్ణయాలు చేసింది. సొంత చెలకలో వేసే కట్టకు రైతు తన వంతు పెట్టుకోవాలన్నారు. ఊరికే వచ్చినదాన్ని ఊరికే వదిలేస్తారని అక్కడివాళ్లకు తెలుసు. బావుల్లో నీళ్లు పెరిగాయి, కొట్టుకుపోయే మట్టి తగ్గింది, కొత్తపల్లిని చూడటానికి వేరే దేశాల వాళ్లూ వచ్చారు. తర్వాత 2009లో సంగారెడ్డి దగ్గర ఫసల్‌వాది చుట్టుపక్కల ఊళ్లలో శాబ్‌మిల్లర్ అనే బీరు కంపెనీ డబ్బుతో ఇక్రిశాట్ అలాంటి పనే చేసింది. బీరు కాచేవాళ్లు తమ చుట్టూ ఉన్న నేలలో నీళ్లు ఇంకించాలనుకోవడంలో స్వార్థం ఉండొచ్చు. ఉంటే ఉండనీ. తాను తోడుకునే చోటే తిరిగి నింపుదామనే స్వార్థం మాకు ఆ మాత్రం కూడా లేకపోయింది.

అయితే చప్పట్లు కొట్టేటప్పుడు కొన్ని ప్రశ్నలు అడగాల్సింది. ‘ఇన్ని కోట్ల లీటర్లు కాపాడాం’ అని నివేదికలో ఉంటుంది. ఆ అంకె చాలాసార్లు ఎట్లా పుడుతుందంటే, చెక్‌డ్యామ్ వెనక ఎంత నీరు పడుతుందో కొలుస్తారు, ఏడాదికి ఇన్నిసార్లు నిండుతుందని అనుకుంటారు, రెండూ గుణిస్తారు. వాన పడిందా లేదా, నిండిందా లేదా, నిండింది ఇంకిందా ఎండకు ఆవిరైందా అన్నది పక్కన పెడితే గుణకారంలో తప్పేమీ ఉండదు. ఇంకినా, మన దిక్కున నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు. పైనున్న పగుళ్ల పొరలో పట్టే నీళ్లు కొద్దివి, అవి పక్కన ఉన్న బోర్లలోకి చేరతాయి. బోరు ఎవరిది? భూమీ, మోటరూ ఉన్న ఆసామిది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చాక అతను ఎంతైనా తోడుకోవచ్చు. ఆ పక్కనే కౌలుకు దున్నేవాడికీ, మిట్ట చెలక మీదున్న ముసలమ్మకూ బోర్డు మీది లోగో తప్ప ఏమీ దక్కదు. ఇదంతా మాకు తెలియనిది కాదు. పాతబస్తీలో సగం ఇళ్లకు పాలమూరులోనో నల్లగొండలోనో చుట్టరికం ఉంది.

కోకకోలా లాంటి కంపెనీ 2007లోనే తాను వాడినంత నీటిని ప్రకృతికి తిరిగిస్తానని ప్రకటించింది. అప్పటికే కేరళ ప్లాచిమడలో ఆ సంస్థ ప్లాంటు చుట్టూ బావులు పాడయ్యాయని జనం ఆందోళన చేసి, 2004లో దాన్ని మూయించి ఉన్నారు. ఒకచోట తోడి మరోచోట నింపితే మొత్తం లెక్క సరిపోతుంది గానీ, తోడినచోట బావి నిండదు. కంపెనీల మీద ఈ మాట అనడం తేలికే, వేలెత్తి చూపే అలవాటు మాకు బాగా ఉంది. అదే వేలు మా వైపు తిప్పితే లెక్క ఇంకా అధ్వాన్నంగా ఉంటుంది.

ఎంతెంత దూరం నుంచి తెచ్చుకున్నామో చూడండి. ఒకప్పుడు మా దాహం మా పక్కనే తీరేది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో దివాన్ మీర్ ఆలం కట్టించిన చెరువు, ఇరవై ఒక్క అర్ధచంద్రాకారపు కమానులతో, ఇప్పటికీ జూపార్కు పక్కన నిలబడే ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి దాదాపు 15,000 మందిని మింగాక మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద ఆగింది, నల్లాల్లోకి నీళ్లొచ్చాయి. అక్కడితో మీర్ ఆలం చెరువు మీద మా శ్రద్ధ తీరింది. మంచినీళ్లు వేరే చోటి నుంచి వస్తున్నప్పుడు గుర్రపుడెక్క పట్టిన చెరువును ఎవరు చూస్తారు?

తర్వాత మంజీర, ఆపైన సింగూరు. సింగూరు నిండితే మా బస్తీకి పండగ. అదే మంజీర మీద కింద నిజాంసాగర్ ఉంది. 1931లో పూర్తైనప్పుడు 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు కోసం కట్టినది. దానికి నీళ్లు తగ్గడంలో పూడికకూ, పై రాష్ట్రాల వాడకానికీ వాటా ఉంది. మా నల్లాకూ ఉంది. మెదక్, నిజామాబాద్ రైతులు సింగూరు నీళ్లు తమకూ వదలమని రోడ్డెక్కినప్పుడల్లా ఇక్కడ మేం ‘నగరానికి నీళ్లు తగ్గిస్తారట’ అని భయపడ్డాం తప్ప, వాళ్ల వైపు నిలబడి ఒక్క బస్తీ సభ పెట్టలేదు. 2004లో కృష్ణా వచ్చింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాల తరబడి ఎముకలు వంగిపోయిన నల్లగొండ జిల్లా మీదుగానే ఆ గొట్టాలు నగరానికి చేరాయి. 2015లో గోదావరి వచ్చింది. 2021 నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం. బిల్లు సున్నా వచ్చినందుకు సంతోషించాం. ఆ సున్నా వెనక వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసిన నీళ్లున్నాయనీ, ఆ నీళ్లు ఏదో ఒక మడికి చేరాల్సినవనీ బిల్లు మీద రాయరు. రాసినా చదివేవాళ్లం కాదేమో.

మా దగ్గర ఒక సాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: ‘మాకే రోజు విడిచి రోజు వస్తాయి, గంటో రెండు గంటలో. జూబ్లీహిల్స్‌ను అడగండి.’ ఇందులో అబద్ధం లేదు. పాతబస్తీ గొట్టాల చివర ఉంది, బడ్జెట్‌లో కూడా చివరే. కానీ మాకు జరిగిన అన్యాయాన్ని మేం చేసే అన్యాయానికి రసీదులా వాడుకున్నాం. నల్లా రానినాడు బిందెలతో రోడ్డు మీద కూర్చున్నాం. నల్లా వచ్చిననాడు ట్యాంకు పొంగి గల్లీలో పారుతున్నా మోటరు ఆపలేదు. 2002 నాటి వాల్టా చట్టం నీరు, భూమి, చెట్లను కాపాడమంది. ఇల్లు కట్టేటప్పుడు ఇంకుడుగుంత ఉండాలన్నారు. మా ఇళ్లలో చాలావాటికి గుంత నక్షా కాగితం మీద ఉంది. ఇంటి ముందు నేల మాత్రం గోడ నుంచి గోడ దాకా సిమెంటు.

జీవో 111 కథలో మా ముఖం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల్ని కాపాడటానికి 1996 మార్చి 8న వచ్చిన ఆ ఉత్తర్వు 84 ఊళ్ల మీద, సుమారు 1.32 లక్షల ఎకరాల మీద ఆంక్షలు పెట్టింది. మా తాగునీళ్ల కోసం మొయినాబాద్, శంషాబాద్, శంకర్‌పల్లి మండలాల రైతులు ఏళ్ల తరబడి తమ భూమికి రేటు రాకుండా ఊరుకున్నారు. వాళ్లకు పరిహారం ఇవ్వాలని నగరం ఎన్నడైనా అడిగిందా? డబ్బున్న నగరవాసులు అక్కడే ఫామ్‌హౌసులు కట్టుకున్నారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేయడానికి పూనుకున్నప్పుడు పర్యావరణవేత్తలు గొడవ చేశారు. ఆ రెండు జలాశయాల నీళ్లు మూడు తరాలు తాగిన మేం చడీచప్పుడు లేకుండా ఉన్నాం. ఇప్పుడు కృష్ణా, గోదావరి వస్తున్నాయి కదా.

ఇదంతా పైనుంచి తెచ్చుకున్నదాని లెక్క. అసలు బాకీ కిందికి పంపినదాంట్లో ఉంది.

అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా మూసీ దాదాపు 240 కిలోమీటర్లు పారుతుంది. అందులో మధ్య ముక్క మాది. ఎండాకాలం పురానాపూల్ కింద, చాదర్‌ఘాట్ కింద పారేది వాన నీళ్లు కాదు, మా స్నానాల, పాయఖానాల, వంటగిన్నెల, కార్ఖానాల నీళ్లు. అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేసే కేంద్రం కట్టాక మా పని అయిపోయిందనుకున్నాం. శుద్ధికి అందకుండా నాలాల్లోంచి నేరుగా నదిలో పడేది ఎంత ఉందో వాసనే చెప్పేది. మా ముక్కులకు అది అలవాటైపోయింది. కాటేదాన్ కార్ఖానాల రంగునీళ్లతో నూర్‌మహ్మద్ కుంట ఏమైందో అక్కడి పిల్లలకు తెలుసు. ఇల్లు కడిగిన నీళ్లు గడప ముందు మోరీలో పడ్డాక అవి మావి కావు. ఎవరివంటే, నాగోలు దాటినాక పీర్జాదిగూడవి, కొర్రెములవి, పిల్లాయిపల్లివి, వలిగొండవి.

అక్కడి రైతులకు అవి శాపమే అని రాసేస్తే మళ్లీ తప్పు చెప్పినట్టే. నగరం పెరిగేకొద్దీ ఎండాకాలంలో ఇసుకే మిగిలే నది ఏడాది పొడుగునా పారడం మొదలైంది. పాత కత్వల (చిన్న ఆనకట్టల) దగ్గర నీళ్లు ఎత్తి కాలువల్లోకి మళ్లించుకుని రెండు పంటలు వరి వేసుకున్నారు. నాటు కూలి దొరికింది, ఆకుకూరలు అమ్ముకునే ఆడవాళ్లకు బేరం దొరికింది. ఒడ్డున పెరిగే పారాగడ్డి కోసి పశువులున్నవాళ్లకు అమ్ముకున్నారు. ఆ గడ్డి మేసిన బర్రెల పాలే నగరంలో చాయ్ అవుతాయి. అంటే మా మోరీ మా కప్పులోకి తిరిగి వస్తోంది, మధ్యలో ఎవరి చేతుల మీదుగానో. ఆ చేతులకు దురద, పుండ్లు. మడిలోకి దిగిన కాళ్లకు మంట. బావి నీళ్లు పాడై తాగడానికి క్యాన్ కొనుక్కుంటున్నారు. నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుని వరి దిగుబడి పడిపోయిన మడుల్లో కొందరు వరి మానేసి గడ్డికి మారారు. తాము పండించిన బియ్యం అమ్మేసి రేషన్ బియ్యం తినే ఇళ్లున్నాయి.

ఓసారి బోనాలకు వచ్చిన వలిగొండ వైపు చుట్టాలావిడ కొత్త బియ్యం సంచి తెచ్చింది. ఇంటి కోడలు నవ్వుతూనే అడిగింది, ‘మూసీ బియ్యం కావు గదా అత్తా?’ అని. ఆమె కూడా నవ్వింది. ‘గవి మీ నీళ్లే గదనే బిడ్డా.’ సంచి తీసుకున్నారు. వండుకున్నారో లేదో నేను చెప్పను.

మందుల కంపెనీల సంగతి వేరే. ప్రపంచానికి మందులు చేసిపెడుతున్నామని హైదరాబాద్ గర్వపడుతుంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అక్కడి వాగులూ బావులూ పాడై రైతులు కోర్టులకెక్కితే దొరికిన పరిష్కారాల్లో ఒకటి ఏమిటంటే, ఆ నీటిని గొట్టం వేసి నగర మురుగులో కలిపి అంబర్‌పేటకు చేర్చడం. పటాన్‌చెరు రైతు బరువు కొంత మూసీ కింది రైతు నెత్తి మీదికి మారింది. పరిశ్రమ నడుస్తూనే ఉంది, సామాజిక బాధ్యత ఖాతాలో ఎక్కడో ఫారంపాండ్లు తవ్వుతూనే ఉన్నారు. ఒక చేత్తో నీళ్లు పాడుచేసి మరో చేత్తో నీళ్లు నింపడం చట్టం దృష్టిలో రెండు వేర్వేరు పద్దులు. మొదటిది కాలుష్య నియంత్రణ మండలి ఫైలు, రెండోది వార్షిక నివేదికలో రంగుల ఫొటో. ఈ రెండు పద్దుల్ని ఒకే పేజీలో రాయమని అడగాల్సింది ఆ నీళ్ల పక్కన బతికే మేమే. అడగలేదు, ఎందుకంటే మా సొంత మోరీ లెక్క కూడా అదే పేజీలోకి వస్తుంది.

అందుకే మెట్లబావుల మీద ఈమధ్య పెరిగిన ప్రేమను చూస్తే నాకు సంతోషం, ఇబ్బంది రెండూ కలుగుతాయి. మూసీకి అవతల బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన బావిని తవ్వి శుభ్రం చేసి 2022 డిసెంబర్‌లో తెరిచారు. నిజంగా అందంగా ఉంది. తర్వాత మరికొన్ని బావుల్ని బాగుచేయడానికి కంపెనీలు ప్రభుత్వంతో ఒప్పందాలు చేసుకున్నాయి. మంచిదే. కానీ బావుల్ని పూడ్చింది ఎవరు? కంపెనీలు కాదు, ప్రభుత్వం ఒక్కటే కాదు. ఇంటి కూల్చివేత మట్టి ఆటోలో తెచ్చి రాత్రిపూట గుమ్మరించినవాళ్లం, పూడిన జాగాలో దుకాణం వేసుకున్నవాళ్లం, వేసినవాడి దగ్గర ఓటు కోసం ఊరుకున్న నాయకుల్ని ఎన్నుకున్నవాళ్లం. చెరువులదీ అదే కథ. 2020 అక్టోబర్ వానలకు పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి అల్‌జుబైల్ కాలనీ, హాఫిజ్‌బాబానగర్ మునిగాయి. మనుషులు పోయారు. పేదవాళ్లు చవకగా దొరికిన ప్లాటు కొనుక్కున్నారు, వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. అది ఒకప్పుడు చెరువు శిఖం అని తెలిసీ లేఅవుటు గీసినవాళ్లూ, రిజిస్ట్రేషన్ చేసినవాళ్లూ, మధ్యవర్తిత్వం చేసి కమీషన్ తీసుకున్నవాళ్లూ మా మధ్యే ఉన్నారు, పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చుంటారు. ఆ చెరువుల కింద ఒకప్పుడు మడులుండేవి. పాతబస్తీ అంచున రైతు అనేవాడే లేకుండా పోయాక, నీళ్లు ఆపడం అంటే ఎక్కడో దూరపు పల్లెలో ఎవరో చేసే పుణ్యకార్యం అనిపించడంలో వింతేముంది?

రాసేవాళ్లం కూడా తక్కువ తినలేదు. మూసీ మీద మా పత్రికల్లో వచ్చినవి ఎక్కువగా జ్ఞాపకాలు: ఒకప్పుడు తేటగా పారేదట, చాకలివాళ్లు బట్టలుతికేవారట, నవాబులు పతంగులెగరేసేవారట. కాలువ చివర ఉన్న మనిషి పేరు గానీ, అతని కాలి మీది పుండు గానీ ఆ వ్యాసాల్లోకి రాలేదు. వచ్చినా ‘బాధితులు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టాం.

ఇప్పుడు మూసీ పునరుజ్జీవం అంటున్నారు. 2024లో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల మీద ఎర్రరంగు గుర్తులు వేసి కూల్చివేతలు మొదలుపెట్టినప్పుడు పాతబస్తీ కదిలింది. కదలాల్సిందే, ఇల్లు పోయేది పేదవాడికే. సభలు జరిగాయి, కోర్టుకెళ్లారు, టీవీల్లో వాదించారు. నది బాగుపడటానికి మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీళ్లు తెచ్చి వదిలే ఆలోచన కూడా అందులో ఉంది. ఆ రిజర్వాయర్ కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ మునిగిపోయాయి. మా ఇల్లు పోతుందని ఏడ్చిన సభల్లో ఆ ఊళ్ల పేర్లు ఎవరైనా ఎత్తారా? నాకైతే వినబడలేదు.

ఇంకో సంగతి ఉంది, దానికి ఇంకా టైముంది గనక రాస్తున్నాను. మురుగంతా శుద్ధి అయ్యే రోజు వస్తే ఆ నీటికి గిరాకీ వస్తుంది. భవనాలు కట్టేవాళ్లు అడుగుతారు, పరిశ్రమలు అడుగుతాయి, నదిఒడ్డు పార్కుల ఫౌంటెన్లకూ కావాలి. శుభ్రమైన నీటిని నగరంలోనే మళ్లీ వాడుకుంటే దాన్ని కూడా నీటి సంరక్షణ అనే అంటారు, దానికీ ఏదో కంపెనీ లోగో ఉంటుంది. మురుగు ఉన్నన్నాళ్లూ ఊరికే కిందికి వదిలినవాళ్లం, బాగుపడ్డాక పట్టి ఉంచుకుంటాం. పిల్లాయిపల్లి కాలువ, బునాదిగాని కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ, సోలిపేట దగ్గరి మూసీ ప్రాజెక్టు ఆయకట్టు, ఇన్నేళ్లూ మా మురికిని భరించిన వీటికి, శుద్ధి చేసిన నీటిలో వాటా ఎంతో ముందే కాగితం మీద రాసిపెట్టమని ఏ బస్తీ సభా తీర్మానం చేయలేదు. మా గల్లీ సభ కూడా చేయలేదు. కిందటి సభ ఎజెండా నా దగ్గరుంది: నల్లా ప్రెషరు, వీధి దీపాలు, బోనాల చందా.